కితాబ్ దాచడానికా, చదవడానికా?

మన బచ్చాలకు ఛోటా భీమ్ అంటే జాన్. 2008లో పోగో చానల్లో మొదలైన ఈ కార్టూన్‌ను తీసింది హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ కంపెనీ. దాని కామిక్స్ కూడా వచ్చాయి. అవి జమా చేయడం కొందరికి పెద్ద షౌక్.

షౌక్ మంచిదే. టీవీలో కహానీ దానంతటదే నడిచిపోతుంది. కామిక్‌లో బచ్చా చదివితేనే కదులుతుంది. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు నడిచే మన పిల్లలకు చదివే ఆదత్ ఇలాగే పడుతుంది.

కానీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి చెల్లెల్ని కూడా ముట్టుకోనివ్వకపోతే ఏం ఫాయిదా? మా ఆత్రేయపురం పూతరేకూ కాగితంలాగే ఉంటుంది. పంచుకుని తింటేనే మజా. అమ్మీలూ, అబ్బాలూ! సెట్ పూర్తయిందా అని కాదు, మొహల్లాలో ఎంతమంది చదివారని అడగండి.