విక్టోరియా రాణి ఉర్దూ పాఠాలు – మన రెండు భాషలు

రాజవంశాల చరిత్ర అనగానే విద్యార్థి లోకానికి జ్ఞప్తికి వచ్చేవి పట్టాభిషేక సంవత్సరాలు, యుద్ధాలు, సంధిపత్రాలు. పరీక్ష ముగిసిన మరునాడే వాటిని మరచిపోవడమూ పరిపాటే. కాని అరవై మూడేళ్లకు పైగా ఒక మహాసామ్రాజ్యాన్ని ఏలిన రాణి, తన అరవై ఎనిమిదవ యేట మన దేశపు యువకుని చెంత ఉర్దూ అక్షరాలు దిద్దిందన్న సంగతి మరువదగినది కాదు. ఉర్దూ, తెలుగు రెండు కన్నులుగా నడుస్తున్న విద్యాలయంలో చదివే మనకు ఆ కథ చెప్పవలసినది చాలా ఉన్నదని మా అభిప్రాయం.

విక్టోరియా 1819 మే 24న జన్మించి, 1837లో సింహాసనమెక్కి, 1901 జనవరి 22న కన్నుమూసింది. 1858 నవంబరు 1న ఆమె పేర వెలువడిన ప్రకటనతో కంపెనీ పాలన అంతమై ఈ దేశం బ్రిటిష్ రాజ్యాధికారం కిందికి వచ్చింది. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో ఆమెను భారత చక్రవర్తినిగా చాటారు. హైదరాబాదు సంస్థానాధీశుడైన బాల నిజాం మహబూబ్ అలీ ఖాన్ సాలార్‌జంగుతో కలిసి ఆ దర్బారుకు హాజరయ్యాడు. ఇంతటి బిరుదును ధరించిన రాణి మాత్రం ఈ నేలపై ఒక్కనాడైనా అడుగు పెట్టలేదు.

1887లో ఆమె పాలన స్వర్ణోత్సవం జరిగింది. ఆ సందర్భాన ఆగ్రా నుండి అబ్దుల్ కరీం అనే యువకుడు రాజప్రాసాదానికి చేరాడు. స్వదేశంలో జైలు కార్యాలయపు గుమాస్తా. అక్కడ అప్పగించిన పని భోజనశాలలో వడ్డన. కొద్ది వారాలకే రాణి అతనివద్ద ఉర్దూ నేర్వడం ఆరంభించింది. మరుసటి ఏడు అతడు ‘మున్షీ’ అయ్యాడు. వడ్డన సేవకుడు గురుస్థానాన్ని అధిష్ఠించడం ఆస్థానంలోని వారికి కంటగింపయింది. అయినా రాణి పాఠం మానలేదు. జీవితపు చివరి సంవత్సరాలలో ఆమె ఉర్దూ అభ్యాసంతో నిండిన రాతపుస్తకాలు పదమూడు సంపుటాలు. ఆమె మరణించగానే కుమారుడు ఏడవ ఎడ్వర్డు కరీం వద్దనున్న ఉత్తరాలను కాల్పించి అతనిని స్వదేశానికి పంపివేశాడు. 1909లో కరీం ఆగ్రాలో మరణించాడు. ఉత్తరాలు బూడిద అయినా రాతపుస్తకాలు నిలిచాయి. వాటిని పరిశీలించి శ్రాబణి బసు రచించిన గ్రంథం 2010లో వెలువడగా, 2017లో అది చలనచిత్రంగానూ వచ్చింది.

ఈ కథను విని రాణిని వేనోళ్ల పొగడవలెనని మా ఉద్దేశం కాదు. ఢిల్లీ దర్బారులో విందులు సాగుతున్న రోజుల్లోనే దక్షిణాదిన కరువు తాండవించింది. 1876 నుండి 1878 వరకు సాగిన ఆ క్షామంలో యాభై లక్షలకు మించిన ప్రజలు మరణించారు. తెలుగువారి కర్నూలు, కడప సీమలు వల్లకాడులయ్యాయి. ప్రజల భాష నేర్చినంత మాత్రాన పాలకులకు ప్రజల ఆకలి తెలియదు. పైగా ఆమె నేర్చినది ఏలిక సేవకుని వద్ద నేర్చిన భాష. ఏలిక కన్నుమూయగానే ఆ సేవకుని ఉత్తరాలు మంటలపాలయ్యాయి. సమానుల మధ్య ఇచ్చిపుచ్చుకొన్న భాషకు అట్టి గతి పట్టదు.

విక్టోరియా కాలం మన నెక్కొండకు రైలు రూపంలో వచ్చింది. నిజాం హామీతో లండనులో ఏర్పడిన కంపెనీ వేసిన మార్గం 1886లో వరంగల్లుకూ, 1889లో బెజవాడకూ చేరింది. మన స్టేషను ఆ దారిలోనిదే. ఆ మార్గపు కొసన బెజవాడలో రాణి స్వర్ణోత్సవ స్మారకంగా 1887లో శంకుస్థాపన జరిగిన విక్టోరియా జూబిలీ భవనం నేడు బాపూ మ్యూజియం. భవనాల పేర్లు మారుతాయి. నోటికి అలవడిన మాటలు మారవు. స్టేషను, టిక్కెట్టు, గార్డు అని పలికే నోటితోనే తహసీలు, దస్తావేజు, రసీదు, జమానతు అంటున్నాము. వీటిలో పరాయి మాట ఏదని అడిగితే మన ఊరి సంతలో ఎవరూ జవాబు చెప్పలేరు.

రాణి ఉర్దూ నేర్చుకొన్న ఆ దశాబ్దంలోనే హైదరాబాదు సంస్థానంలో పారసీ స్థానాన ఉర్దూ అధికార భాష అయింది. తెలుగు రైతు తన పొలం కాగితాన్ని తాను చదువుకోలేక మరొకరిని ఆశ్రయించవలసి వచ్చింది. ఆ బాధ నుండే తెలుగువారి భాషాభిమానం చిగురించింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో మన హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి.

కాలచక్రం తిరిగింది. నేడు ఆఫీసు గుమ్మంలో దరఖాస్తు చేతబట్టి మరొకరి సాయం అర్థించేది ఉర్దూలో చదివిన విద్యార్థి. 2017లో తెలంగాణమంతటా ఉర్దూకు రెండవ అధికార భాష హోదా లభించింది; చట్టం హోదా ఇవ్వగలదు గాని పొరుగువానికి అక్షరం నేర్పలేదు. ఇక తెలుగు రైతుకు ఉర్దూతో పని తీరిందా అంటే అదీ లేదు. తాతల నాటి సేత్వార్లు, ఖాస్రా పహాణీలు ఉర్దూ లిపిలోనే ఉన్నాయి. భూమి తగాదా వచ్చిన నాడు వాటిని చదివే పెద్దమనిషి కోసం ఊళ్లు తిరగవలసిందే. ఆ పెద్దలు ఏటేటా తరిగిపోతున్నారు. నాడు ఒకరికి, నేడు మరొకరికి జరిగిన నష్టం ఒక్కటే: ఎదుటివాని అక్షరం తెలియకపోవడం.

ఈ సంచికనే చూడండి. కుడివైపు నుండి ఉర్దూ పుటలు, ఎడమవైపు నుండి తెలుగు పుటలు ఆరంభమై నడుమ కలుస్తాయి. కలిసేది కాగితాలే, చదువరులు కలవడం లేదు. తెలుగు విద్యార్థి తన సగం చదివి మూసివేస్తాడు. ఉర్దూ విద్యార్థి తన సగం చదివి మూసివేస్తాడు. ఒకే బల్లమీద మూడేండ్లు కూర్చొని, ఒకరి పేరును ఒకరు తమ లిపిలో తప్ప వ్రాయలేని స్థితిలో పట్టా పుచ్చుకొని వెళ్తున్నాము.

కావున విజ్ఞులైన కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఇది. వారానికి ఒక్క గంట కేటాయించండి. ఉర్దూ విద్యార్థి తెలుగు విద్యార్థికి అలిఫ్, బే నేర్పుతాడు. తెలుగు విద్యార్థి అతనికి ఓనమాలు దిద్దిస్తాడు. జీతాలు అక్కరలేదు, పరీక్షలు అక్కరలేదు. ఒక గది, ఒక నల్లబల్ల చాలు. వచ్చే ఏటి సంచికలో నడుమ రెండు పుటలు ఖాళీగా ఉంచండి. ఒక పుటలో తెలుగు విద్యార్థులు ఉర్దూలోనూ, ఎదుటి పుటలో ఉర్దూ విద్యార్థులు తెలుగులోనూ తమ చేతివ్రాతతో నాలుగేసి వాక్యాలు వ్రాస్తారు. తప్పులుంటే ఉండనివ్వండి.

సహపాఠులారా! రాణి గురువును ఆగ్రా నుండి రప్పించుకొన్నది. మన గురువు పక్క బల్లమీదనే కూర్చొని ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ల వయసు ఆమెకు అడ్డు కాలేదు. ఇరవై ఏళ్లు నిండని మనం తీరిక లేదనడం తగదు. కమిటీ వారి అనుమతి కోసం కూడా వేచి ఉండనక్కరలేదు. రేపటి విరామ సమయం నుండే మొదలుపెట్టవచ్చును.