మా అన్నయ్య కొత్త వ్యాపారం

కోహెడ అనగానే హైదరాబాదులో అందరూ నన్ను మామిడిపండ్ల ధర అడుగుతారు. పండ్ల మార్కెట్ కోహెడ కాదు నాయనా, మాది సిద్దిపేట జిల్లా కోహెడ, 2016 దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది అని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. మొన్న మార్చి నెలాఖరున ఆ ఊరికే వెళ్ళాను. మేనల్లుడు ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు. వదిన చింతపండు కొట్టే పనిలో ఉంది. నాలుగు రోజులు కూర్చుని ఆగిపోయిన సీరియల్ రాసుకుందామనుకున్నాను.

రాసుకోనిస్తేగా! మర్నాడు పొద్దున్నే ఒక కుర్రాడు కారు దిగాడు. నలగని చొక్కా, మెడలో బిళ్ళ, చేతిలో పెళ్ళిపత్రిక కన్నా నునుపైన పుస్తకం. ఏదో ప్రైవేటు విశ్వవిద్యాలయం తాలూకు మనిషట. దాని పేరు రాయను. ఇది ఒక్కదాని సంగతి కాదు గనక.

"మా దగ్గర పాఠాలు వల్లె వేయించడం ఉండదు సార్. అంతా ప్రాజెక్టులే. చేస్తూ నేర్చుకుంటారు. నాలుగేళ్ళ తర్వాత మీ బాబు ఉద్యోగం అడగడు, పదిమందికి ఉద్యోగాలిస్తాడు" అన్నాడు.

అన్నయ్య కళ్ళు మెరిశాయి. "ఫీజెంత బిడ్డా?"

"ఏడాదికి మూడున్నర లక్షలు సార్. హాస్టలు వేరే."

"సర్కారు కట్టదా?"

"మాకు రీయింబర్స్‌మెంటు రాదు సార్. బ్యాంకు లోను మేమే దగ్గరుండి ఇప్పిస్తాం."

కారు వెళ్ళిపోయాక అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వదినతో మెల్లిగా అన్నాడు: "చెరువు కింది ఎకరం అమ్మితే ఎట్లుంటదంటవ్?"

అదిగో, అక్కడ మండింది నాకు.

చేస్తూ నేర్చుకోవడం తప్పని నేననను. నేను బి.ఏ. చదివినదాన్ని. అక్బరు ఎప్పుడు పుట్టాడో చెప్పగలను, ఇంట్లో ఫ్యూజు పోతే మాత్రం చీకట్లో కూర్చుంటాను. నాలాంటి చదువు ఇంకొకరికి వద్దనే అంటాను. కానీ దీన్నొక కొత్త వింతలాగా అమ్మజూపితే ఎలా? అమెరికాలో కిల్‌పాట్రిక్ అనే పంతులుగారు ప్రాజెక్టు పద్ధతి గురించి 1918లోనే వ్యాసం రాశాడు. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపని ద్వారానే చదువు చెప్పాలన్నారు. దానికి పాఠ్యప్రణాళిక తయారుచేసిన సంఘానికి పెద్ద మన హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుస్సేన్ గారే. మనం ఏం చేశాం? చదువంటే చేతికి మట్టి అంటకుండా బతికే ఉపాయం అనుకున్నాం. బేసిక్ బళ్ళను అటకెక్కించాం. సర్కారు బడిలో ఉచితంగా వస్తానంటే తోసేసిన వస్తువునే ఇవాళ అద్దాల మేడలో పెట్టి లక్షలకు అమ్ముతుంటే, ఎకరం అమ్మి కొనుక్కోబోతున్నాం.

ఆ సాయంత్రం మనసు బాగాలేక బజారుకేసి నడిచాను. మోటారు వైండింగ్ షాపు ముందు నలుగురు రైతులు నిలబడి ఉన్నారు. బోరు మోటార్లు కాలిపోయాయి. యాసంగి వరి పొట్టమీద ఉంది. రెండు రోజులు నీళ్ళు ఆగితే మడి నెర్రెలు బారుతుంది. షాపతను కాలిన తీగను పీకి, చుట్లు లెక్కపెట్టి, అదే మందం కొత్త తీగ చుడుతున్నాడు. పక్కన పదిహేడేళ్ళ కుర్రాడు తీగ అందిస్తున్నాడు. లెక్క తప్పాడు. "మళ్ల చుట్టు. తప్పు చుడితే మళ్ల కాలుతది, ఆయన పంట పోతది" అన్నాడు షాపతను, తలెత్తకుండానే.

నాకు ఆ మాట దగ్గరే అంతా అర్థమైంది. అతని ప్రాజెక్టు కోసం గుమ్మం ముందు ఒక మనిషి ఎదురుచూస్తున్నాడు. తప్పు చేస్తే మార్కులు కాదు పోయేది, మనిషి పంట. చేస్తూ నేర్చుకోవడంలో చదువు చెప్పేది ఆ ఎదురుచూపే. అది లేని ప్రాజెక్టు ఏమవుతుందో అమీర్‌పేటకు వెళ్ళి చూడండి. ఇంజనీరింగు పిల్లలకు ఆఖరి ఏడు ప్రాజెక్టులు తయారుగా దొరుకుతాయి. కొనుక్కుని పేరు రాసుకోవడమే.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు ఉన్నారు. చిన్నప్పుడే బడి మానేసిన చేనేత బిడ్డ. చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆడించి ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక యంత్రం మొదలుపెట్టి, 1999లో పూర్తిచేశారు. ఏడేళ్ళు పట్టింది. ఆమె పేరే పెట్టి లక్ష్మీ ఆసుయంత్రం అన్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఏడేళ్ళ పనికి ఏ సెమిస్టరు సరిపోతుంది చెప్పండి? ఆయనకు తల్లి నొప్పి ఉంది. నునుపు పుస్తకంలో నొప్పి ఎవరిదో ఎక్కడా రాయలేదు.

ఇక వ్యాపార దక్షత సంగతి. వ్యాపారి అంటే ఎవరు? సొంత సొమ్ము పెట్టి, లాభం వస్తుందో రాదో తెలియక, నష్టాన్ని నెత్తిన వేసుకునేవాడు. ఆ లెక్కన మేనల్లుడు కాలేజీ గడప తొక్కకముందే మా ఇంట్లో ఒక వ్యాపారి తయారయ్యాడు. మా అన్నయ్య! పెట్టుబడి చెరువు కింది ఎకరం. విశ్వవిద్యాలయానికి మాత్రం ఏ సాహసమూ లేదు, ఫీజు ముందే కట్టించుకుంటుంది.

ఆ కుర్రాడికి ఫోను చేసి అడిగాను: "మావాడు పెట్టిన కంపెనీ మునిగితే?"

"అది కూడా ఒక అనుభవమే కదా మేడమ్."

అనుభవం కొడుక్కి, అప్పు తండ్రికి!

2018లో మన రాష్ట్రం ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం చేసింది. 2020లో మొదటి విడతగా ఐదింటికి అనుమతి ఇచ్చింది. నాలుగో వంతు సీట్లు మన రాష్ట్రం పిల్లలకే అంది. సీటు సరే, ఫీజు మాటో? కలిగినవాళ్ళ పిల్లలు అక్కడ చదువుకుంటే నాకేం దుగ్ధ లేదు. పోతే పోయిందనుకోగలరు వాళ్ళు. ఒక్క ఎకరం ఉన్నవాడి గుమ్మంలోకి వచ్చి అదే మాట అమ్మేవాళ్ళను మాత్రం నిలదీయాలి. పోయినేడు, అంతకుముందేడు మీ పిల్లలు చేసిన వస్తువుల్లో ఎన్ని ఇవాళ ఎవరింట్లో వాడుతున్నారు? పెట్టిన కంపెనీల్లో ఎన్ని మిగిలాయి? మునిగినవాడి ఫీజులో మీరు ఎంత వదులుకున్నారు? ఈ మూడు జవాబులూ ఆ నునుపు పుస్తకం మొదటి పేజీలో అచ్చువేయమనండి.

సర్కారును అడగాల్సిందీ ఉంది. 2025లో శాతవాహన విశ్వవిద్యాలయం కింద మా పక్కనే హుస్నాబాద్‌కు ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. సంతోషం. అక్కడి పిల్లలను ఏడాదికి ఒక నెల మా బజారు వైండింగ్ షాపులో కూర్చోబెట్టండి. మోటారు ఎందుకు కాలుతోందో కనుక్కోమనండి. షాపతనికి పంతులు జీతం ఇవ్వండి. ఎదురుచూసే రైతులు ఎలాగూ గుమ్మంలోనే ఉన్నారు.

ఎకరం ఇంకా అమ్మలేదు. ఈ పత్రిక మా ఇంటికి వారం వారం వస్తుంది, వదిన పైకి చదివి వినిపిస్తుంది. అందుకే ఇంత గట్టిగా రాశాను.