పల్లె ఎక్కడ మొదలగును?

హోసూరు పరిసరములలో ఒక మాట విరివిగా వినవచ్చుచున్నది: నగరము దాటి నాలుగు మైళ్లు పోయినచో చాలును, ఏ యింటికైనను గ్రామీణ గృహఋణము దొరకునట! చెప్పువారు దళారులు; నమ్మి బయానా యిచ్చువారు మనవారు.

పల్లె యనునది చెట్టుచేమలను చూచి నిర్ణయింపబడునది కాదు. హోసూరు 2019 లో నగరపాలక సంస్థ అయినది. సమీపమున నున్న కెలమంగలము చూపునకు పల్లెయే. కాని కాగితములపై అది పట్టణ పంచాయతీ. 2016 లో ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస యోజన అట్టిచోట్ల వర్తింపదు. గ్రామ పంచాయతీ పరిధిలోని యూళ్లకే వర్తించును. నగరపు టెల్ల జరిగినచో నేటి పల్లె రేపు పట్టణమగును.

మరియొక సంగతి దళారి చెప్పనే చెప్పడు. ఆ పథకపు సొమ్ము కట్టియున్న యింటిని కొనుటకు ఉద్దేశింపబడినది కాదు. పక్కా యిల్లు లేనివారు క్రొత్తగా కట్టుకొనుటకే మైదాన ప్రాంతములలో 1,20,000 రూపాయల సహాయమును, కోరినచో 70,000 రూపాయల వరకు బ్యాంకు ఋణమును ఏర్పరచిరి. పేరు 2011 నాటి సామాజిక, ఆర్థిక, కుల గణన జాబితాలో గాని, 2018 లో మొదలైన ఆవాస్ ప్లస్ సర్వేలలో గాని ఉండవలెను. గ్రామసభ దానిని పరిశీలింపవలెను. రాష్ట్ర ప్రభుత్వము 2024 లో ఆరంభించిన కలైఞర్ కనవు ఇల్లం పథకము గుడిసెకు మారుగా పక్కా యింటికి 3,50,000 రూపాయలు నిర్ణయించినది. దానికిని పట్టా కావలెను. మన కుటుంబములలో ఎన్ని పట్టాలు నేటికిని తాతల పేరిటనే నిలిచియున్నవో ఎవరికి వారు ఆలోచించుకొందురు గాక!

ఈ షరతులు మనవారికి ముందుగా ఏల తెలియవు? ప్రకటనలును జాబితాలును తమిళమున వెలువడుచున్నవి. తెలుగు బడులలో చదివిన పెద్దలలో అనేకులకు ఆ లిపి చదువరాదు. తమిళముపై మనకు వైరము లేదు. అది మన యిరుగుపొరుగుల భాష, మన బిడ్డలు నేర్చుచున్న భాష. కాని బిడ్డలు చదివి చెప్పుదురు గదా యని తప్పించుకొను అధికారులకు ఒక్క ప్రశ్న: అప్పుపత్రముపై వ్రేలిముద్ర తండ్రిదైనప్పుడు, షరతులు తండ్రికి తెలియు భాషలో ఉండవలదా?

ఇది క్రొత్త కోరిక కాదు. ఒక ప్రాంతమున అల్పసంఖ్యాక భాష మాటాడువారు నూటికి 15 నుండి 20 మంది యున్నచో ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు ఆ భాషలోను వెలువడుట మంచిదని 1956 నాటి కేంద్ర ప్రభుత్వపు మెమోరాండమే చెప్పినది. రాజ్యాంగపు 350 వ అధికరణము ప్రకారము ఏ పౌరుడైనను రాష్ట్రమున గాని, దేశమున గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను తన మొర అధికారికి విన్నవించుకొనవచ్చును. ఆ హక్కును ప్రభుత్వము మరచినది సరే. మనము మాత్రము ఎన్నడు వాడుకొంటిమి? దళారి తెలుగులో మాటాడును గనుకనే వాని మాట చెల్లుచున్నది. ప్రభుత్వము తెలుగులో మాటాడు దాక వాని వ్యాపారము సాగుచునే యుండును.

కావున సోదరులారా! బయానా యిచ్చుటకు ముందు మూడు సంగతులు అడుగుడు: ఈ స్థలము నేడు ఏ పంచాయతీలో నున్నది? పట్టా ఎవరి పేరిట నున్నది? జాబితాలో నా పేరు కలదా? దళారిని గాక పంచాయతీ కార్యాలయమును, గ్రామ పాలనాధికారిని అడుగుడు. తమిళనాట జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1 గ్రామసభ దినములు. రాబోవు సభకు స్త్రీలు పురుషులు కలసి పోయి, గృహ పథకముల జాబితాలును నిబంధనలును తెలుగున గూడ ప్రకటింపవలెనని తెలుగులోనే వ్రాసిన అర్జీని సమర్పించి, రసీదు పుచ్చుకొని రండు.