ప్రయాణాలు ఆగినా పని ఆగలేదు

ప్రయాణాలే లేనప్పుడు టికెట్లు బుక్ చేసేవాళ్లకి పనేముంటుంది? 2020లో నన్ను చాలామంది అడిగిన మాట ఇది. తూంకుంటలో రాజీవ్ రహదారి పక్కన చిన్న టికెట్ల ఆఫీసు మాది. నిజం చెప్పాలంటే, అంత పని అంతకుముందెప్పుడూ చెయ్యలేదు. అలాగని కమీషన్ ఒక్క రూపాయీ రాలేదు!

ఆ ఏడాది మార్చి 22న ప్రయాణికుల రైళ్లు ఆపేశారు. 25న లాక్‌డౌన్‌తో పాటు దేశంలో విమానాలూ ఆగిపోయాయి. షట్టర్ దించాం గానీ ఫోను కట్టెయ్యలేం కదా! టికెట్లు రద్దు చేయడం, తేదీలు మార్చడం, డబ్బెప్పుడు తిరిగొస్తుందో కనుక్కోవడం... వంటింటి గట్టు మీదే ఆఫీసు నడిచింది. కూతురి పురుటికని అమెరికా వెళ్లి చిక్కుకుపోయిన తల్లులకు ఆ రోజు కావలసింది టికెట్ కాదు, జవాబు. "ఇవాళ ఏమీ తేలలేదమ్మా, రేపు మళ్లీ చేస్తాను" అన్నా కాస్త స్థిమితపడేవారు.

ప్రయాణమంటే విలాసం అనుకునేవాళ్ల కళ్లు తెరిపించిన రోజులవి. మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిపై పిల్లల్ని చంకనేసుకుని వలస కూలీలు నడిచిపోవడం చూశాం. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1,200 మందితో తొలి శ్రామిక్ రైలు కదిలింది. మే 7న వందేభారత్ విమానాలు మొదలయ్యాయి. ఇల్లు చేర్చడమే ప్రయాణం అసలు పని!

లాక్‌డౌన్‌లో ఆ రోజుల ప్రయాణాలకే కొన్న విమాన టికెట్లకు పూర్తి డబ్బు తిరిగివ్వాలని అక్టోబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. ఏజెంటు దగ్గర కొంటే ఆ డబ్బు వెంటనే ప్రయాణికులకు అందించాల్సింది ఏజెంటే. మరి ఆ లెక్కలు చూసిందెవరు? చాలాచోట్ల ఇంటి నుంచి పనిచేసిన ఆడపిల్లలే. "ఇంట్లోనే ఉన్నావుగా" అంటూ సగం జీతం చేతిలో పెట్టిన యజమానులూ ఉన్నారు.

కొత్త టికెట్ అమ్మితేనే పనా? అమ్మినదానికి జవాబు చెప్పడం పని కాదా? ఉద్యోగం చేస్తున్న చెల్లెళ్లూ, ఇలాంటి రోజులు మళ్లీ వస్తే ఏ ఫోనుకు ఎంతసేపు మాట్లాడారో, ఎన్ని రద్దు చేశారో ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. జీతం అడిగేటప్పుడు ఆ పుస్తకం ముందు పెట్టండి. యజమానులారా, గిరాకీ లేని రోజుల్లో మీ పేరు నిలబెట్టింది ఆ గొంతులే. వాటికి పూర్తి జీతం ఇవ్వడం దయ కాదు, బాకీ.