హాస్టల్ షెడ్డుకు కరెంటు ఇవ్వండి

యూనివర్సిటీలో చార్జింగ్ స్టేషన్ అంటే పరిపాలనా భవనం పక్కన రెండు ఫాస్ట్ చార్జర్లు పెట్టడమే అన్న అభిప్రాయం మన అధికారుల్లో పాతుకుపోయింది. అవి ఎవరికి? కార్లున్న కొద్దిమందికి. ఎలక్ట్రిక్ స్కూటరు మీద తిరిగే విద్యార్థికి, రీసెర్చ్ స్కాలరుకి, ఆఫీసు అటెండరుకి వాటితో పనిలేదు.

ఒకసారి హాస్టల్ వెనక్కి వెళ్లి చూడండి. రెండో అంతస్తు కిటికీ ఊచల్లోంచి వైరు కిందికి వేలాడుతుంటుంది. మధ్యలో ఒక అతుకు, దానిమీద నల్ల టేపు. చివరన ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకు వాన తగలకుండా క్యారీబ్యాగు చుట్టి, స్కూటరు ఫుట్‌బోర్డు మీద పెడతారు. బ్యాటరీ ఊడివచ్చే బండయితే దాన్ని మెట్లెక్కించి, మంచం పక్కనే చార్జింగ్ పెట్టి పడుకుంటారు. వార్డెన్ వచ్చి వైరు పీకేస్తాడు. మర్నాడు మరో కిటికీలోంచి మరో వైరు దిగుతుంది. క్లాసులయ్యాక ఫుడ్ డెలివరీకి వెళ్లి ఫీజు కట్టుకునే అబ్బాయికి చార్జింగ్ అంటే ఆ రాత్రి సంపాదన. నోటీసు అంటించినంత మాత్రాన ఎలా మానుకుంటాడు?

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ బైకుల షోరూంలో మంటలు లేచి, పైనున్న హోటల్లో బస చేసినవాళ్లు ఊపిరాడక ప్రాణాలు విడిచారు. ఎనిమిది మంది పోయారు. ఆ నగరంలోనే ఇన్ని హాస్టళ్లు పెట్టుకుని, పిల్లలు పడుకునే గదుల్లో బ్యాటరీలు చార్జ్ అవుతుంటే చూస్తూ ఊరుకోవడం క్షమించరానిది.

హాస్టల్ దగ్గరే స్కూటర్లకు చార్జింగ్ ఏర్పాటు చేయడానికి పెద్ద ఖర్చేమీ లేదు. స్కూటరు బ్యాటరీ సుమారు మూడు యూనిట్లు పడుతుంది. దాంతో వచ్చే చార్జరు ముప్పావు కిలోవాట్ లాగుతుంది, నాలుగైదు గంటల్లో నింపేస్తుంది. అరవై కిలోవాట్ల ఫాస్ట్ చార్జరు ఒక్కదానికి కావలసిన లోడుతో ఎనభై స్కూటర్లను ఒకేసారి చార్జ్ చేయవచ్చు. క్యాంపస్‌లో బండి ఎలాగూ ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా స్టాండులోనే ఉంటుంది. అంత తీరిగ్గా నిలిచే బండికి ఫాస్ట్ చార్జింగ్ ఎందుకు? రేకుల షెడ్డులో వరసగా పదిహేను ఆంపియర్ల ప్లగ్గులు, ఒక్కోదానికి ఎంసీబీ, సబ్ మీటరు, మంచి ఎర్తింగ్ చాలు. ఆ రేకుల మీదే సోలార్ పలకలు పరిస్తే పగటి ఎండే సగం పని చేసిపెడుతుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి విశాలమైన క్యాంపస్ ఉంది, ఉస్మానియాకూ స్థలం కొదవ లేదు. ఉన్న పార్కింగుకు కప్పు వేయండి. కొత్త పార్కింగు కోసం చెట్లు మాత్రం కొట్టకండి.

ఉచితంగా ఇమ్మని నేను అనను. హాస్టల్ కరెంటు బిల్లు అందరి నెత్తినా పడుతుంది. బండి లేని పేద విద్యార్థి పక్కవాడి స్కూటరుకు డబ్బు కట్టడం అన్యాయం. యూనిట్‌కు పది రూపాయలు తీసుకున్నా బ్యాటరీ నిండడానికి ముప్పై రూపాయలవుతుంది. లీటరు పెట్రోలు వంద దాటిన రోజుల్లో ఆ డబ్బు ఎవరైనా సంతోషంగా ఇస్తారు. ఇక కార్ల చార్జర్ల దగ్గర ఒక్కటే నియమం కావాలి: చార్జ్ నిండాక బండి తీయకపోతే, అది ప్రొఫెసరుదైనా సరే, జరిమానా.

చట్టం అడ్డొస్తుందా అంటే అదీ లేదు. చార్జింగ్ కేంద్రానికి లైసెన్సు అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే తేల్చింది. కొత్త భవనాల పార్కింగులో ఇరవై శాతం చోటు చార్జింగుకు అనువుగా ఉండాలని 2019లో నమూనా భవన నిబంధనలను సవరించారు. తెలంగాణ ప్రభుత్వం 2026 డిసెంబరు ఆఖరు వరకు ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు ఎత్తేసింది. బండి కొనమని ప్రభుత్వమే చెబుతున్నప్పుడు, ప్లగ్గు చూపించాల్సిన బాధ్యత ప్రభుత్వ యూనివర్సిటీకి లేదా?

రిజిస్ట్రార్లకు, ఇంజనీరింగ్ విభాగాలకు నా విన్నపం ఒక్కటే. వచ్చే విద్యా సంవత్సరం హాస్టళ్లు తెరిచేలోగా ఒక్కో హాస్టల్ దగ్గర కనీసం ఒక షెడ్డుకైనా కరెంటు లాగండి. ఫాస్ట్ చార్జర్ల టెండర్లు ఆ తర్వాత పిలవవచ్చు.