ఏజెన్సీ అంచున విశ్రాంత జీవితం

సింగరేణి బొగ్గుగనుల కార్మికుడు రిటైరైతే ఉద్యోగంతో పాటు కంపెనీ క్వార్టరునూ వదులుకోవాలి. 1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకంలో కరువుభత్యం లేదు. మొదటి నెల ఎంత వచ్చిందో పదేళ్ల తర్వాతా దాదాపు అంతే. హైదరాబాద్ అద్దెలు ఆ డబ్బుకు అందవు గనక ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు గనుల్లో పనిచేసినవారు ఖమ్మం, భద్రాచలం మధ్యనే ఊరు వెతుక్కుంటారు.

అక్కడ ధరకన్నా ముందు తేల్చుకోవలసింది భూమి సంగతి. భద్రాచలం, దాని చుట్టూ ఉన్న అడవి ప్రాంతం రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ఏజెన్సీ. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. జనం నోట వన్ ఆఫ్ సెవెంటీగా నిలిచిన ఆ చట్టం ప్రకారం గిరిజనేతరుడు ఏజెన్సీలో స్థిరాస్తి కొంటే చెల్లదు, అమ్మినవాడు గిరిజనేతరుడైనా సరే. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. అప్పులకు, మోసాలకు గిరిజనుల భూములు చేయిజారిపోయిన చరిత్రలోంచి పుట్టిన రక్షణ ఇది. దాన్ని దొడ్డిదారిన దాటడం ఇక్కడి కోయ, కొండరెడ్డి గిరిజనులకు అన్యాయం చేయడమే. తెల్లకాగితం మీద రాసుకున్న ఒప్పందానికీ, గిరిజనుడి పేరున బినామీగా కట్టిన ఇంటికీ ఏ భద్రతా లేదు. గ్రాట్యుటీ అంతా అక్కడ పోసినవారికి దాని మీద బ్యాంకు అప్పు పుట్టదు, రేపు పిల్లలు అమ్ముకోనూ లేరు.

ఒకే మండలంలో కొన్ని గ్రామాలు షెడ్యూల్డ్ జాబితాలో ఉంటాయి, కొన్ని ఉండవు. గ్రామం పేరు చెప్పి తహసీల్దారు కార్యాలయంలో అడగాలి. సొంతిల్లే కావాలంటే ఖమ్మం వంటి మైదాన ప్రాంతం మేలు. భద్రాచలం రాముడి గుడి దగ్గరే ఉండాలనుకునేవారు నెలవారీ అద్దెతో సరిపెట్టుకోవాలి.

అద్దె ఇల్లు చూసేముందు గోదావరి వరద మట్టాలు తెలుసుకోవాలి. భద్రాచలం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకు, రెండోది 48కి, మూడోది 53కి. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. 2022లో వంతెన మీద రాకపోకలు ఆపేశారు. కొత్తగూడెం, ఖమ్మం ఆస్పత్రులు అవతలి ఒడ్డునే ఉన్నాయి. డయాలసిస్ మీద బతికేవారు, గుండెజబ్బు ఉన్నవారు వరద నెలల్లో ఖమ్మం వైపే ఉండటం క్షేమం. మిగతావారు 2022లో నీరు ఎంతవరకు వచ్చిందో వీధిలో పాతకాపులను అడిగాకే అడ్వాన్స్ ఇవ్వాలి.

భద్రాచలం పట్టణం పొలిమేర దాటితే రాష్ట్రమే మారుతుంది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఏడు మండలాల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం తెలంగాణలో ఉండిపోయింది, పక్కనే ఉన్న ఎటపాక అటు పోయింది. అదీ ఏజెన్సీయే. చిరునామా అక్కడికి మార్చుకుంటే తెలంగాణ రేషన్ కార్డు, 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచిన ఆరోగ్యశ్రీ చేజారతాయి. 2024 అక్టోబరులో మొదలైన ఆయుష్మాన్ వయోవందన కార్డు మాత్రం కేంద్రానిది. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏటా 5 లక్షల వరకు వైద్యం ఇస్తుంది. వయసు వచ్చినవారు ఇల్లు ఖాయం చేసుకోకముందే దాన్ని తీసుకోవాలి.