నిడివిలోనే న్యాయమున్నది





పీటర్ జాక్సన్ కూర్పుతో 2021 నవంబరులో మూడు భాగములుగా వెలువడిన ‘ది బీటిల్స్: గెట్ బ్యాక్’ అను చిత్రము ఇంచుమించు 8 గంటల నిడివి గలదగుటచే, బీటిల్స్ సంగీతబృందమును ప్రాణప్రదముగ ప్రేమించువారిలోనే రెండు పక్షము లేర్పడినవి. ఒకే పాటను పదేపదే పాడుటయు, నడుమ నడుమ టీ త్రాగుచు పత్రికలు చదువుకొనుటయు ఇంతసేపు చూపనేల, రెండు గంటలకు కుదించియుండరాదా యని ఒక పక్షమువారు విసుగుకొనుచుండగా, తెరకెక్కక మిగిలిన భాగమును గూడ చూపవలెనని రెండవ పక్షమువారు కోరుచున్నారు. నేను ఈ రెండవ పక్షమువాడను. ఇది అభిమానాతిశయముచే పలుకు మాట కాదనియు, ఆ బృందములోని నలుగురికి న్యాయము చేకూర్చినది ఆ నిడివియే యనియు మనవి చేయుటకే ఈ లేఖ.

ఆ దృశ్యములు క్రొత్తవి కావు. 1969 జనవరిలో మైకేల్ లిండ్సే-హాగ్ దర్శకత్వమున, తొలుత ట్వికెన్‌హామ్ స్టూడియోలోను, పిమ్మట లండనునందలి సవిల్ రో వీధిలోని బృందమువారి యాపిల్ సంస్థ భవనపు నేలమాళిగలోను సేకరించిన దాదాపు 60 గంటల చిత్రము, 150 గంటలకు మించిన శబ్దము ఈ చిత్రమునకు మూలధనము. ఆ రాశినుండియే ఇంచుమించు 80 నిమిషములు మాత్ర మేరి 1970 మే నెలలో ‘లెట్ ఇట్ బి’ యను పేర విడుదల చేసిరి. అంతకు నెలనాళ్ల ముందే బృందము విడిపోయిన వార్త లోకమునకు తెలిసియుండుటచే ప్రేక్షకులు దానిని అంత్యఘట్టముగనే చూచిరి. బృందసభ్యులైన పాల్, జార్జి మాటామాటా అనుకొన్న ఒక్క చిన్న సన్నివేశము అర్ధశతాబ్దముపాటు ఆ మాసమంతటికిని గుర్తుగ నిలిచిపోయినది.

దీర్ఘచిత్రము కలహమును కప్పిపుచ్చెననుట తగదు. జనవరి 10వ తేదీన జార్జి బృందమును వీడి వెడలిపోయిన వృత్తాంతమునకు పాత చిత్రమున చోటే లేదు. జాక్సన్ దానిని చూపుటయేగాక, పూలకుండీలో దాచిన మైకు గ్రహించిన, బృందసభ్యులే యైన జాన్, పాల్‌ల ఏకాంతసంభాషణను సైతము వినిపించినాడు. కలహమును, దాని వెనుకనున్న స్నేహమును ఏకకాలమున చూపుటకు అవకాశము కావలెను. జాన్ రాకకై ఎదురుచూచుచు పాల్ గిటారు మీటుచుండగా, అర్థములేని కూనిరాగమునుండి ‘గెట్ బ్యాక్’ పాట క్రమముగ రూపుదిద్దుకొనుట చూచినవారు, ఆ పునరుక్తిని వ్యర్థమనజాలరు. రాగాలాపనను ఓపికతో విని పల్లవి రుచి నెరుగు మన శ్రోతలకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

అంతకంటె ముఖ్యమైన దింకొకటి గలదు. బృందము విడిపోవుటకు జాన్ సహచరి యోకో ఓనోయే కారణమను నింద దశాబ్దములపాటు ఆమె తలపై నిలిచినది. ఈ చిత్రమున ఆమె జాన్ ప్రక్కన కూర్చుండి, పత్రిక చదువుకొనుచు, తన పని తాను చూచుకొనుచు గంటలకొలది గడుపును. ఒకరు చేసిన పనిని ఒక్క నిమిషములో చూపవచ్చును గాని, ఒకరు అడ్డుపడలేదను సత్యమును కాలము మాత్రమే చూపగలదు. అభిమానులలో పెక్కురు తమ పూర్వాభిప్రాయమును మార్చుకొనుట ఆ సుదీర్ఘ దర్శనఫలమే.

అందరికిని అంత తీరిక యుండదనుట నిజము. అట్టివారికై పాత చిత్రమును పునరుద్ధరించి 2024 మే నెలలో మరల అందుబాటులోనికి తెచ్చిరి. ఉన్న మూడు భాగములను మూడు వారములు చూచినను దోషము లేదు. కాని, జనవరి 22న వాద్యకారుడు బిల్లీ ప్రెస్టన్ రాకతో వారి ముఖములలో వెల్లివిరిసిన ఉత్సాహమును గాని, ఎచ్చట పాడవలెనో తేలక గడచిన దినములను గాని చూడక, 30వ తేదీన యాపిల్ భవనపు మేడపై వారు పాడిన 42 నిమిషములను మాత్రము చూచువారికి ఆ ఆనందము యొక్క మూల్యము తెలియదు.

కావున చిత్రమును కుదింపుమని కోరువారు, ఒకమారు కుదించినందువలన కలిగిన అన్యాయమును స్మరింపవలెనని నా ప్రార్థన. మిగిలిన గంటలు ఎవరి అధీనమున నున్నవో వారు వానిని పదిలపరచి, జిజ్ఞాసువుల కందజేసిన సంగీతచరిత్రకు మహోపకారము చేసినవారగుదురు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పాఠకుడు